ఊపిరితిత్తుల పునరావాసం

జూన్ 2, సోమవారం

ఈ నోటుబుక్కులో రాసేది నా కోసమే. అమ్మా, నువ్వు దీన్ని తెరిచి ఉంటే ఇక్కడే మూసెయ్యి. నీ గురించి చెడ్డగా ఏమీ రాయలేదు, ఇంకా.

ఇక్కడ సింగపూర్‌లో స్కూలు సెలవులు మొదలయ్యాయి. రోజుకు పది తెలుగు మాటలు నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. శనివారం తెలుగు క్లాసు చెప్పే అరుణమ్మ ఆంటీ తన పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు నాకు ఇచ్చేసింది. అట్ట లేదు, మొదటి పన్నెండు పేజీలూ లేవు. అయినా దాన్ని దిండు పక్కన పెట్టుకున్నాను. ఇంత లావు పుస్తకంలో అన్నీ మాటలే, మధ్యలో కథ అడ్డం రాదు.

ఇక అసలు సంగతి. ఇవాళ పొద్దున వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎదురుగా మామ్మ. ఏప్రిల్‌లో ఆయాసంతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చినప్పుడు మామ్మకి ఒక మందు ఇచ్చారు. గొట్టం మాత్ర లాంటిది. దాన్ని చిన్న ప్లాస్టిక్ పెట్టెలో వేసి, మీట నొక్కి, అందులోని పొడిని నోటితో పీల్చాలి. మామ్మ ఆ మాత్రని నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్ళతో మింగింది. తర్వాత ఖాళీ పెట్టెని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, భక్తిగా రెండుసార్లు పీల్చింది.

రెండు నెలలుగా ఇలాగే చేస్తోందట.

ఎవరు చెప్పారని అమ్మ అడిగింది. మామ్మ నా వైపు చూసింది. నిజమే, ఆసుపత్రిలో నర్సు మాటల్ని తెలుగులో చెప్పింది నేనే. "రోజూ పొద్దున ఒకటి లోపలికి తీసుకోవాలి మామ్మా" అన్నాను. మామ్మ లోపలికే తీసుకుంది.

జూన్ 3, మంగళవారం

బాగా ఆలోచించాను. తప్పు నాది కాదు, చిన్న మాటలది. 'లోపలికి తీసుకో' అంటే దేన్నయినా ఎలాగైనా తీసుకోవచ్చు. వైద్యానికి వైద్యం మాటలే వాడాలి. ఎల్లుండి మళ్ళీ ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈసారి సిద్ధంగా వెళ్తాను.

శ్వాసకోశం. ఉచ్ఛ్వాసం. నిశ్వాసం. సంకోచం. వ్యాకోచం. ఎంత బావున్నాయో. 'పీల్చు' అనే మాటని వీటి పక్కన పెడితే స్కూలు యూనిఫాంలో పెళ్ళికి వచ్చినట్టుంటుంది.

జూన్ 4, బుధవారం

నలభై ఒక్క మాటలు మూడు పేజీల నిండా రాసుకున్నాను. మామ్మ మీద రెండు ప్రయోగించి చూశాను. "ఉచ్ఛ్వాసం బావుందా మామ్మా?" అంటే, "ఎవరమ్మాయి?" అంది.

జూన్ 5, గురువారం

ఈ రోజు చాలా గొప్పగా గడిచింది. పూర్తిగా రాస్తాను.

నాన్నకి సైన్స్ పార్క్‌లో మీటింగు. ఫోన్‌లో ఉంటానన్నాడు. గదిలో డాక్టర్ లిమ్, నేను, మామ్మ. డాక్టరు చాలా ఓపికస్తుడు. మామ్మకి ఉన్నది పూర్తిగా పోయే జబ్బు కాదనీ, నలభై ఏళ్ళ కట్టెల పొయ్యి పొగా, దానితోపాటు చుట్టలూ కలిసి చేసిన పని ఇదనీ, కానీ చెయ్యగలిగినవి చాలా ఉన్నాయనీ చెప్పాడు. ఒక్కొక్కటే చెప్పాడు, నేను ఒక్కొక్కటే తెలుగులో పెట్టాను.

మొదటిది, మాత్రల పెట్టె మార్చి స్ప్రే ఇస్తారు. దాని ముందు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తగిలించి పీల్చాలి. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఊదుగొట్టం" అంది. ఆ మాట నా నిఘంటువులో లేదు. పొయ్యి ఊదడానికి వాడేదట. మామ్మ అందులోంచి ఊదింది. ఊదడం కాదు, ఉచ్ఛ్వాసం అన్నాను. చివరికి నర్సు తనే పీల్చి చూపించింది. మామ్మ మొదటిసారే సరిగ్గా చేసింది.

రెండోది టీకాలు. మామ్మ వెంటనే చెయ్యి చాపింది. సూదంటే మామ్మకి గౌరవం.

మూడోది ఆక్సిజన్. వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఇప్పటికి అక్కర్లేదన్నాడు. నాలుగోది ఆపరేషన్. అది మామ్మలాంటివాళ్ళకి కాదన్నాడు. నేను 'శస్త్రచికిత్స'కి తయారై వెళ్ళాను. కాస్త నిరాశ కలిగింది.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యమని డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆయాసం వస్తుందని మామ్మ కూర్చుండిపోతోంది. కూర్చుండిపోతే కాళ్ళలో బలం పోతుంది. బలం పోతే ఇంకా ఆయాసం. దీన్ని ఇక్కడ తెంపకపోతే మళ్ళీ ఆసుపత్రిలో పడుతుంది, ఈసారి ఇంటికి ఆక్సిజన్ యంత్రంతోనే రావలసి వస్తుందేమో అన్నాడు. అందుకని పల్మనరీ రిహాబిలిటేషన్. ఎనిమిది వారాలు, వారానికి రెండుసార్లు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. నా లిస్టులో ఇరవై ఆరోది.

"మామ్మా, నీకు ఊపిరితిత్తుల పునరావాసం రాశారు."

మామ్మ నా వైపు తిరిగింది. "పునరావాసమా?"

"అవును మామ్మా."

"నాకా?"

"నీకే. డాక్టరుగారు స్వయంగా రాశారు."

"మీ నాన్నకి తెలుసా?"

నాన్న ఫోన్‌లో అప్పుడే సరేనన్నాడు కాబట్టి, నాన్న ఒప్పుకున్నాడని చెప్పాను. మామ్మ ఇంకేమీ అడగలేదు. అంత పెద్ద మాట ఒక్కసారి చెప్పగానే అర్థమైపోయింది. నిఘంటువు మహిమ.

ఫారం మీద వేలిముద్ర వెయ్యమంటే మాత్రం మామ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. "ఎయ్యను" అంది. ఆలోచించుకోవడానికి టైం కావాలంటోందని డాక్టరుకి చెప్పాను. అది కొంచెం స్వేచ్ఛానువాదం.

జూన్ 6, శుక్రవారం

మామ్మకి రిహాబ్ మీద ఆసక్తి పుట్టింది. సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఒక్కొక్కటే అడిగింది. నాకు తెలిసినంతవరకూ సరిగ్గా చెప్పాను.

"ఆడ ఎంతమంది ఉంటారే?"

"పన్నెండుమంది మామ్మా. అందరూ నీలాంటివాళ్ళే. ఆయాసంవాళ్ళు."

"నీళ్ళొత్తాయా?"

"ఎందుకు రావు? ఏసీ కూడా ఉంటుంది."

"మీరు వత్తారా?"

"మొదటిరోజు నేను దింపుతాను. తర్వాత స్కూలు మొదలవుతుంది కదా."

"ఎనిమిది వారాలన్నావు. ఆ తరవాత?"

"ఆ తర్వాత ఇంకేం అవసరం ఉండదు మామ్మా."

మామ్మ చాలాసేపు ఒకే తువాలుని మడతపెట్టింది. ఏకాగ్రత అంటే అది.

జూన్ 8, ఆదివారం

అద్భుతం. మామ్మ బాగయిపోయింది.

మేం లేచేసరికి ఇల్లంతా తుడిచేసింది. వంటింటి గట్టు తోమింది. గారెలు వేసింది. అమ్మ కంగారుపడి మీకెందుకు అత్తయ్యగారూ అంటే, నాకేం పని, కూర్చుని తినడానికొచ్చానా అంది. కొత్త ఊదుగొట్టం మూడు రోజుల్లో ఇంత పని చేస్తుందని డాక్టరు కూడా అనుకుని ఉండడు.

ముఖం మాత్రం కొంచెం ఊదారంగులో ఉంది. ఆయాసంగా ఉందా అని అడిగితే నోరు మూసుకునే, తల అడ్డంగా ఊపింది. ముక్కుపుటాలు (నిన్నటి మాట) బాగా పెద్దవయ్యాయి.

ఇంకొక మార్పు ఏమిటంటే, మామ్మకి స్నానం మీద శ్రద్ధ పెరిగింది. పొద్దుటినుంచి మూడుసార్లు బాత్‌రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుంది. లోపలినుంచి నీళ్ళ చప్పుడూ, దానితోపాటు దగ్గు చప్పుడూ. చన్నీళ్ళు కాబోలు.

జూన్ 9, సోమవారం

ఇవాళ స్నానాలు: ఐదు.

జూన్ 11, బుధవారం

నాన్నకీ మామ్మకీ మాట పట్టింపు వచ్చింది. ఫారం ఇంకా అలాగే ఉందేమని నాన్న అడిగాడు. మామ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. సింగపూర్ పప్పులో రాళ్ళుండవు.

"అమ్మా, నీ మంచికే కదా చెప్పేది. ఎనిమిది వారాలు కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అన్నాడు నాన్న.

"కళ్ళు మూసుకుంటే అన్నీ అయిపోతాయిరా హరికృష్ణా. ఎల్లమంటే ఎల్తాను. మీ ఇట్టం. ఏలిముద్దర మటుకు ఎయ్యను."

"అది వెయ్యకుండా చేర్చుకోరమ్మా."

"అయితే మంచిదే."

పుట్టు మొండిదని నాన్న లాప్‌టాప్ వైపు చూసి అన్నాడు. నా అభిప్రాయం ఏమిటంటే మామ్మకి వ్యాయామమంటే బద్ధకం. ఇల్లు తుడవడానికి లేని బద్ధకం వ్యాయామానికి ఎందుకొచ్చిందో రేపు ఆలోచిస్తాను.

జూన్ 15, ఆదివారం

ఆలోచించనక్కర్లేకుండా పోయింది.

ప్రతి ఆదివారం పెద్దిరాజు అంకుల్ వస్తాడు. తెంగా అనే పేటలో కొత్త అపార్టుమెంటు బ్లాకులు కట్టే చోట పని. మామ్మ వాళ్ళ మండలమే. మామ్మ చేసిన పప్పుచారు డబ్బాలో పోసుకుని, మా బ్లాకు కింద సిమెంటు బల్ల దగ్గర మామ్మతో గంటసేపు ఊరి సంగతులు మాట్లాడి వెళ్ళిపోతాడు. మామ్మ ఈ దేశంలో నవ్వేది ఆ గంటే.

ఇవాళ వెళ్ళేముందు నన్ను లిఫ్టు దగ్గర ఆపాడు. ముఖం సీరియస్‌గా ఉంది.

"తన్మయమ్మా, తప్పుగా అనుకోకు. మీ ఇంటి సంగతి. కానీ మామ్మగారిని పంపించేయడం ఏం బాగోలేదమ్మా."

ఎక్కడికి అన్నాను.

"పునరావాసం రాశారంటగా. నాన్నగారు కూడా ఒప్పేసుకున్నారంట. నన్ను పెట్టె మొయ్యడానికి రమ్మంది. ఆడ చుట్టుపక్కల తెలుగోళ్ళుంటారేమో కనుక్కోమంది. మా డార్మిటరీలో అందర్నీ అడిగాను, సింగపూర్‌లో పునరావాస కాలనీ ఎక్కడుందో ఎవరికీ తెల్దు."

అది ఊపిరితిత్తులకి అంకుల్, అన్నాను.

"ఊపిరితిత్తులకి పునరావాసమేంటమ్మా?" అతను నిజంగానే అర్థంకాక అడిగాడు. "మనుషులకిత్తారు. ఊరు ముంచేశాక ఇత్తారు."

తర్వాత చెప్పాడు. ప్రాజెక్టు కోసం గోదారి ఒడ్డున వాళ్ళ ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇళ్ళు వదిలినవాళ్ళకి కొండ అవతల వరసగా కట్టిన గదులు ఇచ్చారు. ఆ కాగితం పేరు పునరావాసం. ఆఫీసు పేరు పునరావాసం. ఊరి బోర్డు మీద కూడా అదే. "మా దగ్గర ఆ మాటకి ఇంకో అర్థం లేదమ్మా" అన్నాడు.

మామ్మ ఇక్కడికి ఆ కాలనీ నుంచే వచ్చింది. అది నాకు తెలుసు. కానీ మామ్మ దాన్ని ఎప్పుడూ 'కాలనీ' అనే అంది. దాని ముందున్న మాటని ఒక్కసారి కూడా అనలేదు.

ఇంటికొచ్చి మామ్మ మంచం కింద చూశాను. పెట్టె ఉంది. రెండు చీరలు, ఊదుగొట్టం, పసుపు డబ్బా, అమ్మ వారం నుంచి వెతుకుతున్న పెద్ద గరిటె.

జూన్ 15, మళ్ళీ

నిఘంటువులో అలాగే ఉంది. పేజీ కూడా రాసిపెట్టుకున్నాను. నేను కల్పించింది కాదు. అచ్చువేసినవాళ్ళది బాధ్యత. చెప్పకపోతే తప్పేముంది? పెట్టె ఎలాగూ ఎవరూ తీసుకెళ్ళరు. కొన్నాళ్ళకి మామ్మకే తెలుస్తుంది.

జూన్ 16, సోమవారం

చెప్పాలి.

జూన్ 17, మంగళవారం

రేపు చెప్తాను. ఇవాళ మామ్మకి తలనొప్పి. (తలనొప్పి నాకు.)

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం నేను లైబ్రరీ నుంచి వస్తుంటే మా బ్లాకు కింద బల్ల మీద మామ్మ కనిపించింది. పక్కన ఐదు కిలోల బియ్యం బస్తా. యూ టీ మెట్రో స్టేషన్ పక్క షాపు నుంచి ఎండలో మోసుకొచ్చింది, ఒక్కతే. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, చేపలా నోరు తెరిచి గాలి కోసం చూస్తోంది. నేను పరిగెత్తి, పైకి వెళ్ళి, ఊదుగొట్టం కోసం పెట్టె లాగి, గరిటె కింద నుంచి దాన్ని తీసి, మళ్ళీ పరిగెత్తి వచ్చాను. మామ్మ పీల్చింది. మళ్ళీ పీల్చింది. పదిహేను నిమిషాలకి మాట వచ్చింది.

"ఎవరికీ చెప్పకు. చూశావుగా, మోసుకొచ్చాను. పనికొత్తానని నాన్నకి చెప్పు."

పది రోజులుగా ఇల్లు ఎందుకు తుడుస్తోందో, కొళాయి ఎందుకు తిప్పుతోందో నాకు అప్పటికి తెలియదని రాస్తే ఈ నోటుబుక్కు కూడా నమ్మదు. ఆదివారం నుంచీ తెలుసు.

చెప్పేశాను. ఎవరూ ఎక్కడికీ పంపడం లేదనీ, నాన్న ఒప్పుకున్నది వేరేదనీ, ఆ మాట డాక్టరుది కాదు, నాదనీ. పుస్తకంలో చూసి, బావుందని పెట్టాననీ.

మామ్మ బస్తా వైపు చూసింది. బ్లాకు వైపు చూసింది. తర్వాత కొంగుతో నా వీపు మీద ఒక్కటి వేసింది. దెబ్బ తగల్లేదు, అంత గాలి లేదు.

"ఒసేయ్. నీకు మాట బాగుందని నాచేత ఇల్లంతా తుడిపించావా?"

నేను ఏడ్చాను. మామ్మ ఏడవలేదు. బస్తా మూతి సర్దుతూ చెప్పింది.

"మా ఊళ్ళో కూడా నీ అంత పిల్లే వచ్చిందే. చేతిలో కాయితం. చదువుతా నవ్వుతా చెప్పింది, మీకు పునరావాసం ఇత్తారు మామ్మగారూ అని. మంచిపిల్లే. మజ్జిగిత్తే తాగింది. దానికీ ఆ మాట తెల్దు. కాయితంలో ఉంది, చదివింది. నేను ఏలిముద్దర ఏశాను."

నా దగ్గరున్న మాటలన్నీ ఆ నిఘంటువులోవే.

"ఇప్పుడు సరిగ్గా చెప్పు. ఆడ ఏం చేత్తారు?"

"నడిపిస్తారు మామ్మా. కాళ్ళకి బలం వచ్చేలా. ఊపిరి ఎలా వదలాలో నేర్పిస్తారు. గంటన్నర. అయిపోగానే ఇంటికి వచ్చేస్తావు."

"ఇల్లంటే?"

"ఇదే. ఈ ఇల్లే."

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ?"

బియ్యం నేను మోశాను. ఐదు కిలోలు చాలా బరువు.

జూన్ 19, గురువారం

నాన్నకీ అమ్మకీ చెప్పాను. నాన్న లాప్‌టాప్ మూసేశాడు. తర్వాత మామ్మ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికి వచ్చాక మామ్మ గరిటె తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ దాంతోనే చారు కలిపింది.

ఇక అంతా సవ్యంగా జరుగుతుందనుకున్నాను. కానీ మామ్మ ఒక షరతు పెట్టింది. 'ఇంటికొచ్చేస్తుంది' అని ఆ ఫారం మీద రాయించాలి. అప్పుడే వేలిముద్ర.

జూన్ 20, శుక్రవారం

ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆంటీకి నేను విషయం చెప్పాను. అలాంటి గడి ఫారంలో లేదంది. పేషెంట్లు ఇంటికి వెళ్ళకుండా ఎక్కడికి వెళ్తారు అంది. అదే రాయమని అడుగుతున్నాం అన్నాను. వెనక లైను పెరిగింది. మామ్మ కౌంటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది.

చివరికి లోపలినుంచి ఫిజియోథెరపిస్టు వచ్చింది. పేరు రోహానా. నీలం స్కార్ఫు, బూట్లు, జేబులో మూడు పెన్నులు. నేను మొదటినుంచి మొత్తం చెప్పాను, ఊరూ, కాలనీ, నిఘంటువూ. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వాళ్ళ తాతది ఒక దీవి అట. అక్కడివాళ్ళని ఫ్లాట్లకి మార్చారట. ఆయన చనిపోయేదాకా లిఫ్టు ఎక్కలేదట. ఫారం తీసుకుని, కింద ఖాళీలో, పెన్నుతో, పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసింది: ప్రతిసారీ పేషెంటు తన ఇంటికి వెళ్తుంది. కింద సంతకం పెట్టింది.

నేను చదివి వినిపించాను. మామ్మ నమ్మలేదు.

"నువ్వొద్దు. పెద్దిరాజుకి చూపించు."

వీడియో కాల్ చేశాం. పెద్దిరాజు అంకుల్ హెల్మెట్‌తో, వెనక క్రేన్‌తో కనిపించాడు. ఫోను దగ్గరికి పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. లైనులో పదిమంది వింటున్నారు. "హోమ్ అనే ఉంది మామ్మగారూ. ఇల్లు. ఎయ్యండి" అన్నాడు.

వేసింది. ఇరవై ఆరో మాట, 'పునరావాసం', నా లిస్టులోంచి కొట్టేశాను.

జూన్ 24, మంగళవారం

మొదటి క్లాసు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలదో ముందు చూస్తారు. మామ్మ నూట డెబ్భై మీటర్లు నడిచింది. అందులో ఒక నిమిషం, గోడ పక్కన కుర్చీలో ఉన్న కోహ్ అంకుల్‌ని ఏ ఊరని అడగడానికి ఆగింది. ఆయన వ్యాయామం సైకిల్ తొక్కాల్సిన మనిషి, తొక్కకుండా పేపరు చదువుతున్నాడు. నేను అనువదించబోతే రోహానా టైం పోతోందని ఆపింది.

తర్వాత ఊపిరి వదలడం. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లగా వదలాలి. దీనికి నా దగ్గర నాలుగు మాటలున్నాయి. ఒక్కటీ వాడలేదు. "వేడి పాలు ఊదినట్టు మామ్మా" అన్నాను.

"ఊదడం నువ్వు నాకు నేర్పుతావా? నలభై ఏళ్ళు పొయ్యి ఊదాను."

ఆ పొయ్యి వల్లే కదా ఇది వచ్చింది అన్నాను. మామ్మ ఆలోచించి, "అయితే అదే ఊదుడుతో పోగొడదాం" అని ఊదింది. రోహానా ఆ మాట ఏమిటని అడిగింది. ఊదు, అన్నాను. ఆమె జేబులోంచి పెన్ను తీసి చేతి మీద రాసుకుంది.

ఇంటికొచ్చేసరికి మామ్మ అలసిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ, లోపలికి రాకముందే, గోడ మీద చేత్తో ఒకసారి తట్టింది.

జూన్ 27, శుక్రవారం

కాళ్ళ నొప్పులు. మామ్మకి కాదు, పక్కన కూర్చుని రెండు డంబెల్స్ ఎత్తి చూసిన నాకు.

జూలై 1, మంగళవారం

స్కూలు మొదలైంది. మంగళ, శుక్రవారాలు డిబేట్ క్లబ్ మానేసి నేరుగా ఆసుపత్రికి వెళ్తున్నాను. నేను లేకపోతే మామ్మకి ఎవరు చెప్తారు? టీచరు కారణం అడిగితే అనువాదకురాలిగా పని చేస్తున్నానన్నాను. ఆ మాట అంటుంటే భలే ఉంటుంది.

జూలై 8, మంగళవారం

మామ్మ మా బ్లాకు మెట్లు ప్రాక్టీసు చేస్తానంది. ఒక అంతస్తు ఎక్కింది, మధ్యలో రెండుసార్లు ఆగి. దగ్గొస్తే బాత్‌రూంలోకి వెళ్ళలేదు. హాల్లో, టీవీ ముందు, అందరి మధ్యా హాయిగా దగ్గింది. నాన్న వాల్యూం పెంచాడు. మామ్మ ఇంకా గట్టిగా దగ్గింది.

జూలై 11, శుక్రవారం

కోహ్ అంకుల్ ఇవాళ సైకిల్ తొక్కాడు. మామ్మ ఆయన పేపరు లాక్కుని మడిచి తన కింద పెట్టుకుని కూర్చుంది. ఏం చెప్పిందో నేను అనువదించే లోపే తొక్కడం మొదలుపెట్టాడు.

జూలై 15, మంగళవారం

అనువాదకురాలికి ఇవాళ పెద్దగా పని లేదు. అలసట తీరింది.

జూలై 22, మంగళవారం

సైన్స్ టెస్టు అయ్యేసరికి ఆలస్యమైంది. బస్సు దిగి పరిగెత్తాను. దారి పొడుగునా నాకు భయమే. మామ్మ తలుపు బయట ఒక్కతే కూర్చుని ఉంటుందని, ఎవరో ఏదో అడుగుతుంటే చేతులు కొంగు కింద దాచుకుని ఉంటుందని.

తలుపు తోశాను. లోపల పన్నెండుమందీ గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో రోహానా. "ఊదూ" అంటోంది. అందరూ పెదాలు చుట్టి ఊదుతున్నారు. చైనీస్ ఆంటీలు, ఒక సర్దార్జీ తాతగారు, కోహ్ అంకుల్. "ఇంకా ఊదూ" అంది రోహానా, దీర్ఘం మామ్మ ఊరివాళ్ళలా తీస్తూ.

ఊదడం అయ్యాక మామ్మ ట్రెడ్‌మిల్ ఎక్కింది. పక్కన సైకిల్ మీద కోహ్ అంకుల్. స్పీడు ఎంత పెట్టాలని రోహానా ఇంగ్లీషులో అడిగింది. నేను నోరు తెరిచేలోపు మామ్మ మూడు వేళ్ళు చూపించింది. ఆయాసం ఎంత ఉందని అడిగింది. మామ్మ చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపింది. రోహానా దాన్ని కాగితం మీద రాసుకుంది. ఏం రాసిందో నాకు తెలియలేదు.

అప్పుడు మామ్మ నన్ను చూసింది. నడుస్తూనే నాతో ఏదో అంది. కానీ మూడో స్పీడులో, ఊపిరికొక ముక్క చొప్పున, పెదాలు చుట్టుకుని చెప్తుంటే ఒక్క మాటా నాకు అందలేదు. ఏంటి మామ్మా అన్నాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అందలేదు. దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. మిషన్ చప్పుడు.

కోహ్ అంకుల్ తొక్కడం ఆపకుండానే నా వైపు వంగాడు.

"షీ సే, యూ గో స్కూల్, డోంట్ కమ్ ఆల్రెడీ. షీ కెన్ గో హోమ్ హర్‌సెల్ఫ్ లా."

నేను స్కూలుకి వెళ్ళాలట, ఇక రావద్దట, ఇంటికి తనే వెళ్ళగలదట. మామ్మ అవునన్నట్టు తల ఊపింది.

బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన అనువాదాన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క తప్పూ లేదు.